తమ్ముడి సంచిలో టేప్ రికార్డరు

మా పిన్ని కూతురు కెనడాలో, టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో కాపురముంటోంది. చలికాలం శనివారాల్లో సాయంత్రం అయిదున్నరకి నాకు ఫోను వస్తుంది. అప్పుడు దానికి పొద్దున ఏడు. పదేళ్ళ కొడుకుని హాకీ ప్రాక్టీసుకి దింపి, వాడు బయటికి వచ్చేదాకా ఊసుపోక నాతో కబుర్లు చెప్తుంది. అలా ఒకనాడు ఫోను చేసినప్పుడు "ఏం చేస్తున్నావే?" అన్నాను.

"ఏముందక్కా, తలుపు ముందు కూచున్నాను."

"ఏ తలుపు?"

"పిల్లలు తయారయ్యే గది తలుపు. ఇప్పుడు లోపల ఒంటిమీద బట్టలన్నీ తీసేయడానికి లేదు. లోపలి బట్టలు ఇంటి దగ్గరే తొడిగి తీసుకురావాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు కాపలా ఉండాలి. ఒక్కరుంటే ఒప్పుకోరు. 2023 నుంచీ దేశమంతా ఇదే రూలు."

"పదేళ్ళ వెధవలకి అంత కాపలా దేనికే?"

"నీకు తెలీదులే. ఈ గదుల గురించి ఎన్ని పుకార్లున్నాయో!" అంది. అని, గొంతు తగ్గించి, "అన్నీ పుకార్లు కావక్కా" అంది. అంతలో వాడు వచ్చేశాడు కాబోలు, ఫోను పెట్టేసింది.

కథలు రాసుకునేవాళ్ళకి సగం మాట చెప్పి ఫోను పెట్టేయడం కంటే ద్రోహం ఇంకోటి లేదు. బి.ఏ.లో నేను చదివింది చరిత్ర, తెలుగు. ఆటలతో నాకున్న సంబంధమల్లా స్కూల్లో ఖోఖో ఆడి మోకాలు చీరుకుపోవడం ఒక్కటే. అయినా పట్టు వదలకుండా ఒక సినిమా, రెండు పుస్తకాలు, ఒక లాయర్ల రిపోర్టు సంపాదించి కూర్చున్నాను. ఇంట్లో వాళ్ళు "ఈవిడకేమైంది?" అన్నట్టు చూశారు. చూడనివ్వండి.

హాకీ అనగానే మనకి ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. ఇది ఆ హాకీ కాదు. మంచు మీద, కాళ్ళకి కత్తులు బిగించుకుని ఆడే ఆట. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళ. ఆట మధ్యలో ఇద్దరు చేతి తొడుగులు పారేసి గుద్దుకుంటే రిఫరీ ఐదేసి నిమిషాలు పక్కన కూర్చోబెడతాడు, అంతే. జనం లేచి నిలబడి ఈలలు వేస్తారు. ఇక అందులో డబ్బుకోసం ఆడేవాళ్ళ గది ఉంది చూశారూ, దాన్ని అమెరికావాళ్ళు లాకర్ రూమ్ అంటారు, కెనడావాళ్ళు డ్రెస్సింగ్ రూమ్ అంటారు. ఆటగాళ్ళు మాత్రం వట్టి 'గది' అంటారు. గదిలో జరిగింది గదిలోనే ఉండాలన్నది వాళ్ళ మొదటి నీతి. మన అంతఃపురాల నీతికీ దీనికీ పెద్ద తేడా నాకు కనపడలేదు. కాకపోతే ఇక్కడ లోపలున్నది మగాళ్ళు.

తలుపు మూసినచోట పుకారు పుట్టక మానదు. 1975 జనవరి 21న మాంట్రియల్‌లో ఆల్ స్టార్ మ్యాచి జరిగింది. న్యూయార్క్ టైమ్స్ పత్రికకి హాకీ వార్తలు రాసే రాబిన్ హెర్మన్ అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి అక్కడుంది. మ్యాచి అయ్యాక మగ విలేఖరులు లోపలికెళ్ళి ఆటగాళ్ళతో మాట్లాడి, రాసుకుని, కార్యాలయానికి పంపేస్తారు. ఈ అమ్మాయి బయట నడవాలో నిలబడి, వాళ్ళు స్నానాలు చేసి తల దువ్వుకుని వచ్చేదాకా ఆగాలి. ఈలోపు పత్రిక అచ్చుకి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఎవరో సరదాకి, ఆడవాళ్ళని లోపలికి రానిస్తారా అని ఇద్దరు కోచ్‌లనీ అడిగారు. వాళ్ళూ సరదాకే సరే అన్నారు. ఈ అమ్మాయి సరదాకి తీసుకోలేదు. మాంట్రియల్ రేడియో విలేఖరి మార్సెల్ సాన్‌సీర్, తనూ కలిసి లోపలికి నడిచారు.

అంతే! కెమెరాలన్నీ ఆటగాళ్ళని వదిలి వీళ్ళమీదికి తిరిగాయి. నేను వార్త కాదు, ఆట వార్త అని ఆ పిల్ల మొత్తుకుంటే వినేవాడు లేడు. తర్వాత ఆవిడకి తిట్లతో ఉత్తరాలొచ్చాయి. వాటి సారాంశం ఏమిటో మీరు ఊహించగలరు, నేను రాయక్కర్లేదు. కొన్ని క్లబ్బులు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి తలుపులు మూసే ఉంచాయి. హెర్మన్ 2022లో చనిపోయినప్పుడు పత్రికలన్నీ ఆవిడని ఆ గదిలోకి వెళ్ళిన మనిషిగానే తల్చుకున్నాయి. జీవితమంతా రాసిన మనిషికి ఒక తలుపు దాటడమే బిరుదైపోయింది. ఇంతకీ లోపల ఏముంది? చెమట కంపు, తడి తువాళ్ళు, మోకాళ్ళకి ఐసు గడ్డలు, అలిసిపోయిన కుర్రాళ్ళు. పుకారులో ఉన్న గది అక్కడ లేదు.

ఇక సినిమా దగ్గరికి వస్తాను. 1977లో వచ్చిన 'స్లాప్ షాట్'కి జార్జి రాయ్ హిల్ దర్శకుడు, హీరో పాల్ న్యూమన్. బూతులకి పేరుమోసిన సినిమా. పిల్లలతో కూర్చుని చూసేది కాదని ముందే చెప్తున్నాను. ఒక్క నిమిషం కూడా మర్యాదగా మాట్లాడని ఈ మగాళ్ళ సినిమా రాసింది ఒక ఆడమనిషి అని తెలిసి అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ పేరు నాన్సీ డౌడ్. మరుసటి సంవత్సరం వచ్చిన 'కమింగ్ హోమ్' సినిమా కథకి మరో ఇద్దరితో కలిసి ఆస్కారు కూడా అందుకుంది.

ఆవిడకి ఆ భాష ఎక్కడిదనుకున్నారు? తమ్ముడు నెడ్, పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ జెట్స్ అనే చిన్న జట్టులో ఆడేవాడు. జట్టుని అమ్మేస్తున్నారని ఒకనాడు అక్కకి ఫోను చేసి చెప్పాడు. అక్క లాస్ ఏంజిలిస్ నుంచి మూటా ముల్లే సర్దుకుని ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి వచ్చేసింది. తమ్ముడి చేతికో టేప్ రికార్డరిచ్చింది. వాడు దాన్ని గదిలోకీ, జట్టు బస్సులోకీ మోసుకెళ్ళి, కుర్రాళ్ళ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పట్టుకొచ్చి అక్కకి అప్పజెప్పాడు. సినిమాలో కనిపించే కళ్ళజోళ్ళ అన్నదమ్ములు, ఆ ముగ్గురు కొట్లాటరాయుళ్ళు, కూడా ఆ జట్టులోని నిజం మనుషుల్ని చూసి రాసినవాళ్ళే.

కథంతా చెప్పను. ఫ్యాక్టరీ మూతపడబోతోంది, పదివేలమంది పనులు పోతున్నాయి. దాంతోపాటు జట్టూ పోతుంది. ఆటగాడూ కోచ్‌చూ అయిన రెజ్జీ డన్‌లప్, అంటే మన పాల్ న్యూమన్, ఒక పుకారు పుట్టిస్తాడు. ఫ్లారిడాలో ఎవరో జట్టుని కొనబోతున్నారని. అది ఊళ్ళో పత్రికావాడి చెవిలో వేస్తాడు. వాడు అచ్చు వేస్తాడు. అచ్చయింది కాబట్టి ఆటగాళ్ళు నమ్ముతారు. నమ్మారు కాబట్టి రక్తాలు కారేలా ఆడతారు. రక్తం చూడటానికి జనం వస్తారు. నన్నడిగితే ఈ సినిమాలో బూతుల కంటే గొప్పది ఈ పుకారు కథ. పనిలేని ఊరికి పుకారే జీతం. ఇంత పదునుగా మగాళ్ళ గదిని చూసిన రచన నేనింకోటి చూడలేదు. గదిలోకి అడుగు పెట్టకుండా రాసిన రచన అది, గుర్తు పెట్టుకోండి.

జట్టు యజమాని ఎవరో ఎవరికీ తెలియదు. తీరా కనుక్కుని డన్‌లప్ వెళ్ళేసరికి, ఆవిడొక సంపన్నురాలైన వితంతువు. మా పిల్లల్ని హాకీ చూడనివ్వను, వాళ్ళకి కొట్లాటలు అలవాటవుతాయి, అంటుంది. జట్టుని అమ్మొచ్చు, కానీ మూసేస్తే పన్ను లెక్కల్లో లాభం, అంటుంది. మర్యాదగా, కాఫీ ఇచ్చే గొంతుతో. డన్‌లప్‌కి చేతిలో ఆయుధం లేదు. అప్పుడేం చేశాడు? ఆవిడ కొడుకు మగతనాన్ని గురించి ఒక పచ్చి మాట అనేసి లేచి వచ్చేశాడు. అంతకుముందు ఒక మ్యాచిలో కూడా ఇదే. ఎదుటి జట్టు గోల్‌కీపరుని రెచ్చగొట్టడానికి, వాడి భార్య ఇంకో ఆడదానితో ఉంటోందన్న రహస్యాన్ని మంచు మీద నిలబడి కేకేసి చెప్తాడు. ఆ భార్యే నమ్మి వీడికి చెప్పుకున్న రహస్యం అది! హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

రెండోసారి చూసినప్పుడు నవ్వు రాలేదు. గది సామానులో ఉన్న ఆయుధం ఒక్కటే, దాన్నే అందరిమీదా వాడుతున్నారు. నువ్వు మగాడివి కాదు. నీ పెళ్ళాం నీది కాదు. నీ కొడుకు మగాడు కాడు. అక్క ఆ మాటని టేపులోంచి నిజాయితీగా ఎత్తి రాసింది, సందేహం లేదు. కానీ టేప్ రికార్డరుకి ఒక లోపముంది. పైకి అన్న మాటే అందులో పడుతుంది. ఆ మాట భయంతో ఎవడు నోరు మూసుకున్నాడో వాడి చప్పుడు పడదు. నా ఉద్దేశంలో 'స్లాప్ షాట్' గొప్పతనమూ, తక్కువతనమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

చివరి దృశ్యం మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. అందరూ మంచు మీద తన్నుకు చస్తుంటే, కొట్లాటకి ఎప్పుడూ ఒప్పుకోని నెడ్ బ్రాడెన్ అనే చదువుకున్న కుర్రాడు స్కేటింగు చేసుకుంటూ ఒక్కొక్క తొడుగే తీసి పారేస్తాడు. బ్యాండు వాళ్ళు దానికి తగ్గ పాట అందుకుంటారు. గుద్దుకుంటే తప్పు కాదు గానీ, బట్టలిప్పితే మాత్రం ఎదుటివాడు 'అశ్లీలం!' అని అరుస్తాడు. గదిలో దాచిందంతా అక్క తీసుకొచ్చి మంచు మీద పెట్టింది. ఆ కుర్రాడికి తమ్ముడి పేరే పెట్టింది కూడా. ఇదొక్కటి చాలు ఆవిడ రచయిత్రి అనడానికి.

'ది గేమ్' అనే పుస్తకం 1983లో వచ్చింది. రాసినవాడు కెన్ డ్రైడెన్, మాంట్రియల్ కెనేడియన్స్ గోల్‌కీపరు. ఆ జట్టుతో ఆరుసార్లు స్టాన్లీ కప్పు గెలిచాడు. మధ్యలో ఒక ఏడాది ఆట మానేసి టొరంటోలో లాయరు దగ్గర శిక్షణకి కూర్చున్న వింత మనిషి. తర్వాత పార్లమెంటు సభ్యుడూ, మంత్రీ అయ్యాడు. 2025 సెప్టెంబరులో పోయాడు. హాకీ మీద వచ్చిన పుస్తకాల్లో ఇదే మేలైనదని అక్కడివాళ్ళంటారు. మిగతావి నేను చదవలేదు గానీ, ఇది మాత్రం చేయి తిరిగిన రచన.

గోల్‌కీపరు కదా, మిగతా వాళ్ళు పరిగెడుతుంటే తను నిలబడి చూసేవాడు. రాతలోనూ అదే చూపు. ఈయన గదిలో బూతులు తక్కువ, మనుషులెక్కువ. గీ లాఫ్లూర్ అనే మహా ఆటగాడు మ్యాచికి గంటల ముందే వచ్చి, అందరికంటే ముందు తయారై, ఒక్కడే కూర్చునుంటాడు. వేళాకోళం ఈ గదిలో ఊరికే కాలక్షేపం కాదని ఈ పుస్తకం చదివాక నాకర్థమైంది. అది పని చేస్తుంది. నిన్న మూడు గోల్సు కొట్టినవాడిని ఇవాళ ఆట పట్టించి నేలమీదికి దింపుతుంది. నిన్న తప్పు చేసినవాడిని నలుగురిలో నవ్వించి లేవదీస్తుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో వదినా మరదళ్ళ వేళాకోళం చేసే పనే ఇది. కొట్టుకోకపోతే ఆటగాళ్ళలో ఆవేశం పేరుకుపోయి ఇంకోచోట పేలుతుందన్న లీగు పెద్దల వాదాన్ని ఈయన శుభ్రంగా లాయరులా ఉతికేశాడు. ఆ పుటలు నాకు చాలా నచ్చాయి.

నచ్చనిదేమిటంటే ఆ మర్యాదే. అతిథికి చూపించాల్సిన గదులే చూపించి, ఒక తలుపు దగ్గర మాత్రం భుజం మీద చెయ్యి వేసి పక్కకి తిప్పేసే గృహస్థులా రాశాడాయన. మేలైనవాళ్ళ గది అది, మేలైన జట్టు, గెలుస్తున్న జట్టు. ఆ గదిలో చోటు దొరకని పద్ధెనిమిదేళ్ళవాడి సంగతేమిటి? అది ఆయన పుస్తకంలో లేదు. ఉండాలని నిర్బంధించడం న్యాయం కాదనుకోండి.

ఆ సంగతి చెప్పింది షెల్డన్ కెనెడీ. పుస్తకం పేరే తెలుగులో 'నేనెందుకు చెప్పలేదంటే' అని వస్తుంది. 2006లో అచ్చయింది. సస్కాచివాన్ రాష్ట్రంలో స్విఫ్ట్ కరెంట్ అనే చిన్న ఊరి జట్టులో కుర్రాడప్పుడు ఆడాడు. ఆ జట్టు బస్సు 1986 డిసెంబరు 30న బోల్తాపడి నలుగురు ఆటగాళ్ళు చనిపోయారు. ఆ జట్టునే 1989లో దేశంలో మొదటి స్థానానికి తెచ్చిన కోచ్ గ్రాహమ్ జేమ్స్‌ని ఒక హాకీ పత్రిక 'ఆ ఏటి మేటి మనిషి' అని పొగిడింది. ఆ మేటి మనిషి పిల్లవాడైన కెనెడీని ఏళ్ళ తరబడి ఏం చేశాడో 1997 జనవరిలో కోర్టులో ఒప్పుకుని జైలుకి వెళ్ళాడు. పుస్తకంగా చూస్తే దీనిలో డ్రైడెన్ సొగసు లేదు. వాక్యాలు తడబడతాయి, కాలం వెనకా ముందూ అవుతుంది. ఆ తడబాటు తీసేస్తే ఈ పుస్తకం అబద్ధమవుతుంది. సంపాదకులు దాన్ని సరిచేయకుండా వదిలేసినందుకు దణ్ణం పెట్టాలి.

ఇక లాయర్ల రిపోర్టు. దాన్ని సాహిత్యం అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఈ నాలుగింటిలోనూ నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది అదే. 107 పేజీలు. జెన్నర్ అండ్ బ్లాక్ అనే న్యాయవాదుల సంస్థ 2021 అక్టోబరు 26న బయటపెట్టింది. షికాగో బ్లాక్‌హాక్స్ జట్టు 2010లో స్టాన్లీ కప్పు గెలిచింది. ఆ పోటీల సమయంలో అవసరమొస్తే వాడుకోవడానికి కొందరు కుర్రాళ్ళని పిలిపించి ఉంచుకుంటారు. అలా వచ్చినవాడు ఇరవై ఏళ్ళ కైల్ బీచ్. జట్టులో వీడియోలు చూపించే కోచ్ తనమీద అత్యాచారం చేశాడని అతను ఫిర్యాదు చేశాడు. ఆ కోచ్ మాత్రం ఇష్టపూర్వకంగానే జరిగిందన్నాడు. మే 23న, జట్టు ఫైనల్‌కి చేరిన గంటకే, పెద్దలంతా ఒక గదిలో సమావేశమయ్యారు. ఫిర్యాదు విన్నారు. మూడు వారాలపాటు ఎవరూ ఏమీ చేయలేదు. జూన్ 9న కప్పు గెలిచారు. సంబరాల్లో ఆ కోచ్ కూడా ఉన్నాడు. తర్వాత రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. అతని పేరు వెండి కప్పు మీద చెక్కారు. మిషిగన్‌లో మరోచోటికి వెళ్ళాక, పదహారేళ్ళ కుర్రాడి విషయంలో నేరం ఒప్పుకుని శిక్ష పడింది.

రిపోర్టులో ఆ మే 23 సమావేశం గురించిన పేజీలు చదవండి. ఒకే బల్ల చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు. ఒకరు విన్నది ఇంకొకరు వినలేదట. ఒకరికి కొంచెం గుర్తుంది, ఒకరికి అసలు గుర్తులేదు. లాయర్లు విశేషణం ఒక్కటి వాడకుండా ఎవరేమన్నారో వరసగా రాసుకుంటూ పోయారు. నేను నవల రాస్తే ఈ దృశ్యానికి ఉరుములూ మెరుపులూ పెట్టి పాడుచేసేదాన్ని.

ఆ పెద్దమనుషుల్లో జట్టు జనరల్ మేనేజరు స్టాన్ బౌమన్ ఒకడు. డ్రైడెన్ పుస్తకంలో ఎంతో గౌరవంగా చిత్రించిన మాంట్రియల్ కోచ్ స్కాటీ బౌమన్ కొడుకితను. 1973లో కప్పు గెలిచిన ఏడాది పుట్టాడని తండ్రి ఆ స్టాన్లీ కప్పు పేరే పెట్టుకున్నాడు. రిపోర్టు వచ్చిన రోజున స్టాన్ రాజీనామా చేశాడు. 2024 జులైలో లీగు అతనికి మళ్ళీ తలుపు తెరిచింది, అదే నెలలో ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది.

రిపోర్టులో ఆ కుర్రాడి పేరు లేదు, 'జాన్ డో' అని రాశారు. మర్నాడు కైల్ బీచ్ స్వయంగా టీవీ ముందుకొచ్చి ఆ మనిషిని నేనే అన్నాడు. ఆ గదిలో అందరికీ తెలుసనే నమ్ముతున్నానన్నాడు. మాకు తెలియదని కొందరు ఆటగాళ్ళన్నారు. ఎవరికెంత తెలుసో తేల్చడం నా పని కాదు. ఒక సంగతి మాత్రం చూడండి. ఆ తర్వాతి శిక్షణ శిబిరంలో తోటివాళ్ళు తనని ఆ విషయం మీదే ఆట పట్టించారని అతను చెప్పాడు. ఏ మాటతో? డన్‌లప్ ఆ వితంతువు కొడుకుమీద వేసిన మాటతో! 1977లో హాలంతా నవ్విన మాట, 2010లో ఇరవై ఏళ్ళవాడి నోటికి తాళమైంది. అంటే నిజం ఆ గదిలో పదకొండేళ్ళు దాక్కోలేదు. వేళాకోళమనే వేషం వేసుకుని అందరి మధ్యా తిరిగింది. నేరం ఆ నోటా ఈ నోటా నవ్వుగా తిరుగుతుంటే పుకారు అనుకోవడం ఎంత సుఖం!

పదహారేళ్ళ ఆ రెండో కుర్రాడి మాట వచ్చినప్పుడు బీచ్ ఆ ఇంటర్వ్యూలో ఏడ్చాడు. తను గట్టిగా చెప్పలేకపోయినందుకు వాడికి క్షమాపణ చెప్పుకున్నాడు. క్షమాపణ చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉండగా! ఆ నవంబరులో కప్పు మీద ఆ కోచ్ పేరుని వరసగా ఇంటూ మార్కులు కొట్టి చెరిపేశారు. ఇంటూ మార్కులు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి.

ఇదంతా మా చెల్లెలితో అంటే, "పెద్దవాళ్ళ సంగతి సరే, మా ఫీజుల సంగతి తెలుసా?" అంది. పిల్లల్ని ఆటలో చేర్చినప్పుడు తల్లిదండ్రులు కట్టే సొమ్ములోంచి హాకీ కెనడా సంస్థ ఒక నిధి పెట్టుకుంది. 1989 నుంచీ లైంగిక ఫిర్యాదులకి సంబంధించిన తొమ్మిది పరిహారాలకి 76 లక్షల డాలర్లు ఆ నిధిలోంచే చెల్లించామని 2022 జులైలో పార్లమెంటు సంఘం ముందు ఒప్పుకున్నారు. తల్లులు కట్టిన డబ్బుతోనే తల్లులకి తెలియకుండా తలుపు మూశారన్నమాట. అలాగని వినిపించిన ప్రతిదీ నిజమని గంతులెయ్యకూడదు. 2018లో లండన్ ఊళ్ళో జరిగిందంటూ పెట్టిన కేసులో అయిదుగురు ఆటగాళ్ళనీ 2025 జులైలో జడ్జి నిర్దోషులన్నారు. ఫిర్యాదు చేసిన ఆమె సాక్ష్యం నమ్మదగ్గదిగా లేదన్నారు. ఆ తీర్పు విన్న రోజున మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు. తీర్పు ఒక రాత్రి గురించి చెప్తుంది. గది గురించి చెప్పదు.

ఈ మధ్య మరో వింత. ఆడవాళ్ళు హాకీ ఆటగాళ్ళ మీద ప్రేమనవలలు కుప్పలు తెప్పలుగా రాస్తున్నారు, చదువుతున్నారు. రేచల్ రీడ్ 2019లో రాసిన 'హీటెడ్ రైవల్రీ'లో రెండు జట్ల ఆటగాళ్ళు ఒకర్నొకరు ప్రేమించుకుంటారు, రహస్యంగా. 2025 నవంబరులో టీవీలో వచ్చి పెద్ద సంచలనమైంది. ఆ రోజు వరకూ ఎన్.హెచ్.ఎల్.లో ఆడుతూ ఉండగా తన సంగతి ఇదీ అని బయటికి చెప్పుకున్న ఆటగాడు ఒక్కడూ లేడు. ఇది కూడా ఒకరకం పుకారేగా అన్నాడొక మిత్రుడు. కావచ్చు. కానీ అరవై ఏళ్ళుగా గది గురించి మగాళ్ళు పుట్టించిన పుకార్లన్నీ బూతులూ రక్తమూను. ఆడవాళ్ళు పుట్టించిన పుకారులో ఒకడు ఇంకొకడి దెబ్బ మీద చెయ్యి వేసి నొప్పిగా ఉందా అని అడుగుతాడు. కల్పన అని తెలిసీ నేను ఆ పుటని రెండుసార్లు చదువుకున్నాను.

నాన్సీ డౌడ్ నన్నింతగా పట్టుకోవడానికి ఒక సొంత కారణం ఉంది. నాకూ ఒక తమ్ముడున్నాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో హాస్టలు నుంచి దసరా సెలవులకి వచ్చి, మళ్ళీ వెళ్ళనన్నాడు. తిండి పడటం లేదన్నాడు. నాన్న కేకలేశారు, అమ్మ తాయెత్తు కట్టించింది. ఎవరో అమ్మాయిని ప్రేమించాడట, కుదరలేదట అని బంధువుల్లో ఒక పుకారు లేచింది. వాడు కాదనలేదు. ఊళ్ళోనే డిగ్రీలో చేరి, చదువుకుని, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

నా రెండో నవలలో ఆ పుకారు వాడుకున్నాను. ఏడో అధ్యాయమంతా మగపిల్లల హాస్టలు గది. ఎన్నడూ అడుగుపెట్టని గదిని అంత సహజంగా రాశానని పాఠకులు ఉత్తరాలు రాశారు. తమ్ముడు చదివి, "అక్కా, మగాళ్ళెవరూ ఇలా మాట్లాడుకోరే" అని నవ్వాడు. మరెలా మాట్లాడుకుంటారో చెప్పరా అంటే, నీకెందుకులే అని లేచిపోయాడు.

షికాగో రిపోర్టు చదివిన వారం వాడికి ఫోను చేశాను. ఏదో చెప్పబోయి, ఈ హాకీ గోలంతా చెప్పాను. అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడు హాస్టలు సంగతి చెప్పాడు. మూడు నాలుగు వాక్యాలు. అవి ఇక్కడ రాయను, అవి వాడివి.

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"అందరూ ప్రేమ అనుకున్నారుగా. నువ్వూ అదే రాశావు. కథ బాగానే ఉందిగా అని ఊరుకున్నా" అన్నాడు.

ఆ నవల రెండో ముద్రణ వేస్తామని ప్రచురణకర్తలు అడుగుతున్నారు. ప్రూఫులు పంపి నెల దాటింది. ఆరో అధ్యాయం వరకూ దిద్దాను.